నాలుగు చుక్కలు

బారువ సముద్రానికి కూతవేటు దూరంలో
నాకు రెండు గదులున్నాయి.
జీడిబట్టీ అమ్మిన డబ్బుతో కట్టినవి.
ఒకదాని కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి,
రెండోదాంట్లోంచి నీళ్ల చప్పుడు మాత్రమే.
రెండోదానికి అద్దె రెండొందలు తక్కువ.

నాలుగేళ్లు నేనే చూసుకున్నాను.
అంటే,
రాత్రి ఒంటిగంటన్నరకి బరంపురం కుర్రాళ్ల ఫోను:
"ఆంటీ, గ్యాస్ ఎటు తిప్పాలి?"
మా మరిది కూతురి నిశ్చితార్థంలో
వియ్యపురాలి చెయ్యి నా చేతిలో ఉండగా
"ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయండీ."
దుప్పట్లో ఇసక, తలగడలో ఇసక,
చివరికి నా పోపులపెట్టెలో మెంతుల మధ్య ఇసక.
ఒకాయన వెళ్తూ వెళ్తూ
గోడమీది గడియారం పట్టుకుపోయి
అభిప్రాయంలో రాశాడు:
"టైమే తెలియలేదు, అంత బావుంది."

తర్వాత విశాఖ నుంచి ఒకబ్బాయి వచ్చాడు,
ఇస్త్రీ చొక్కా, పేరు హేమసుందర్.
వందకి పాతిక మాది, మిగతాది మీది,
మీరు హాయిగా నిద్రపోండి మేడం, అన్నాడు.
నిద్రపొమ్మని నాతో అప్పటిదాకా ఎవరూ అనలేదు.
సంతకం పెట్టేశాను.

నిజమే చెప్పాలి, నిద్ర పట్టింది.
ఐదో తారీఖుకల్లా డబ్బు పడేది.
నా రోజుల్లో ఆషాఢమంతా
బల్లులే అద్దెకుండేవి,
ఇప్పుడు ఆషాఢంలోనూ కార్లు.
తలుపుకి అంకెల తాళం పెట్టారు.
అంకెలు నాకు చెప్పలేదు,
నేను అడగనూ లేదు.
రోడ్డు మీంచి పోతుంటే ఆ ఇల్లు
ఈవిణ్ని ఎక్కడో చూశానే అన్నట్టు చూసేది.

పదకొండో నెల. కాగితం తిరగరాసే వేళ.
ఒక శుక్రవారం, పిన్నికూతురి పేరుతో,
దాని ఫోను నుంచే,
నా కిటికీగది నేనే తీసుకున్నాను.
రెండువేల ఎనిమిదొందలు.
తిరిగి తిరిగి నాకొచ్చేది రెండువేల వంద.
అంటే నా మంచం మీద ఒక రాత్రి పడుకోడానికి
నాకు ఏడొందలైంది.

దుప్పటి తెల్లగా ఉంది.
అంత తెల్లగా నేనెన్నడూ ఉతకలేదు.
గోడకి ఏ దేశానిదో దీపస్తంభం బొమ్మ;
కిటికీ తీస్తే మన సముద్రముండగా
ఆ బొమ్మెందుకో.
స్నానాలగదిలో కుళాయి కింద బకెట్టు,
బకెట్టు అడుగున పాకుడు, నెలలనాటిది.
ఆ కుళాయి ఎడమకి తిప్పి
కొంచెం పైకెత్తితేనే ఆగుతుంది.
వాళ్లకెవరు చెప్తారు? చెప్పాల్సింది నేను.
తిప్పి, ఎత్తాను.
గదంతా ఒక్కసారి నిశ్శబ్దమై
సముద్రం దగ్గరికొచ్చింది.

పొద్దున్న దాలమ్మ తలుపు కొట్టింది,
చీరమీద కంపెనీవాళ్ల నీలం చొక్కాతో.
"ఓలమ్మో, మీరేటి ఇక్కడ!"
నేనున్నప్పుడు గదికి రెండొందలిచ్చేదాన్ని,
ఇప్పుడు నూటరవై.
"గాని బావూ, అప్పుడు నెలకి ఎనిమిది, మా అయితే పది.
ఇప్పుడు ముప్పై పడతన్నాయి.
పక్కేసినాక పోటో తీసి పంపాల, అదొక్కటే గోల."
ఏది మంచిదే దాలమ్మా, అన్నాను.
చీపురు గోడకి ఆనించి ఆలోచించింది.
"డబ్బుకి ఇదే మంచిది.
మీ కాడ కూకోడానికి పీటుండీది."

దుప్పటి మడతపెట్టబోతే లాక్కుంది.
వచ్చినోళ్లు ముట్టుకోకూడదట.

సోంపేట ఆటోలో ఉండగా పిన్నికూతురి ఫోను:
"ఎన్ని చుక్కలివ్వమంటున్నారే, అయిదులో?"
నాలుగివ్వు.
"ఒకటెందుకు తగ్గిందో రాయాలట."
కుళాయి అని రాయి.
ఎడమకి తిప్పి కొంచెం పైకెత్తాలని రాయి.
నీకెలా తెలుసని అడిగితే
ఊరుకో.

హేమసుందర్‌కి ఇంకా జవాబు చెప్పలేదు.
కాగితం సంచిలోనే ఉంది,
సంతకం చోట పెన్సిలు గుర్తుతో.
బజార్లో ఒక పీట మాత్రం కొన్నాను, మామిడిచెక్కది.
లోపల పెట్టాలంటే
మళ్లీ అంకెలు అడగాలి.
నాకిచ్చినవి పదకొండింటికే
మారిపోయాయట.